బామ్మర్ది నరికిన తోట

ఆగస్టు మొదటి శనివారం పొద్దున ఎనిమిదింటికి ఎమోసీ తన మేనమామ సైలోసీ తోటలోకి దిగి, మూడేళ్ళ యాంగోనా మొక్కలు నలభై దాకా నరికేశాడు. దంచి నీళ్ళలో కలుపుకుని తాగే వేళ్ళు తవ్వుకోలేదు. కాండాలు నరికి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని విని, లోయలోకి విసిరాడు. పక్క వాలులో చేమదుంపలు తవ్వుతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఇది చూశారు. "ఏం పనిరా అది?" అని కేకేస్తే, "గట్టిగా మాట్లాడకండి, వీటికి చెవులున్నాయి," అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. తొమ్మిదికల్లా కబురు కొండ దిగి వాయ్‌లోమా చేరింది. ఊరంతా నవ్వింది.

ఉనైసి నవ్వలేదు. ఎమోసీ ఆమె తమ్ముడు.

కందావు దీవిలో మేనల్లుడు మేనమామ పెరట్లోంచి పందిని తోలుకుపోయినా, ఒడ్డునున్న పడవ విప్పుకుపోయినా మేనమామ నోరెత్తకూడదు. నోరెత్తితే నామోషీ మేనమామకే. ఇక ఆ మేనమామ కొడుకు బావ వరస. బావ, బామ్మర్ది ఒకరితో ఒకరు ఏ అల్లరి చేసినా చెల్లుతుంది. పెళ్ళిలో పదిమంది ముందు మూతికి మసి పూయొచ్చు. స్నానానికి దిగితే బట్టలు ఎత్తుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. బదులు మాత్రం తీర్చుకోవాలి, అదీ వడ్డీతో. కాబట్టి శనివారం జరిగినదానికి ఊళ్ళో ఒకటే అర్థం. ఎమోసీ తన బావ తొమాసీని, ఇంతకు ముందు ఎవరూ ఎవర్నీ పట్టించనంత ఆట పట్టించాడు. ఇప్పుడు వంతు తొమాసీది.

ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, మగవాళ్ళు సైలోసీ ఇంట్లో చాప మీద యాంగోనా పళ్ళెం చుట్టూ చేరారు. ఉనైసి వెనక గుమ్మం దగ్గర సైలోసీ భార్య లుయిసా అత్తతో కలిసి గిన్నెలు కడుగుతోంది. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"నలభై మొక్కలురా! పై ఏడు నీ కూతురి పుట్టినరోజుకి మాకు మంచినీళ్ళు పోస్తావన్నమాట," అన్నాడు ఒకడు.

"మంచినీళ్ళు కూడానా? సముద్రం నీళ్ళే. మొదటి కొబ్బరిచిప్ప నా బామ్మర్దికి," అన్నాడు తొమాసీ.

"ఏమన్నా చెప్పు, వాడి బుర్రే బుర్ర. మనం చెప్పులు దాచే దగ్గరే ఆగిపోయాం."

"ఆగు మరి. నా బుర్ర ఇంకా తియ్యలేదు." తొమాసీ చిప్పెడు తాగి, చిప్ప కింద పెట్టి, మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. "రేపు నలుగురం మొహాలకి మసి పూసుకుని, అరటాకులు కట్టుకుని పైకెళ్తాం. శంఖం ఊదుతాం. పందిని పట్టినట్టు పట్టి, కాళ్ళూ చేతులూ కర్రకి కట్టి మోసుకొచ్చి ఇదిగో, ఈ గుమ్మంలో దింపుతా. నాన్నా, నీ మేనల్లుడొచ్చాడు, పొయ్యి వెలిగించు అంటా."

అందరూ నవ్వారు. సైలోసీ కూడా నవ్వాడు. లుయిసా నవ్వుతూ ఉనైసి వైపు చూసి, నవ్వు ఆపింది.

"ఏమైందే?"

"వాడి దగ్గర కత్తి ఉంది అత్తా."

"కత్తి లేని మగాడెవడే ఈ ఊళ్ళో?"

ఎమోసీ మే నెల నుంచి కొండ మీదే ఉంటున్నాడు. యాంగోనా తోటలు దాటి రెండు వాగుల అవతల ఊరివాళ్ళకి మరో పంట ఉంది. గంజాయి అని రేడియోలో పోలీసులు అంటారు. ఊళ్ళో ఆ మాట వాడరు, "పైది" అంటారు. పైదాంట్లో తొమాసీకి ఒక నేల చెక్క ఉంది. ఊరిపెద్ద అపకూకీ కొడుక్కి ఒక చెక్క ఉంది. చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్ళలో ఇద్దరికి ఉంది. బడి పైకప్పు రేకులు, ఊరి పడవ ఇంజను ఎక్కణ్ణుంచి వచ్చాయని ఎవరూ అడగలేదు. ఆ పంటకి కాపలా కావాల్సొచ్చింది. ఎమోసీకి ఇరవయ్యారేళ్ళు. పెళ్ళాం లేదు, అమ్మానాన్న పోయారు, నిద్ర తక్కువ. ఆకు రాలితే లేచి కూర్చుంటాడు. "ఎవడొచ్చినా వాడికి అనుమానమే, కాపలాకి వాడే సరి," అని మెచ్చుకుని పంపారు. తోటల పైన గుడిసె వేసిచ్చారు. కూలిలో సగం ఆకు రూపంలోనే ఇచ్చేవారు. పద్నాలుగో ఏట మొదలుపెట్టినవాడు. పైకి వెళ్ళాక పొద్దున లేచింది మొదలు అదే.

తొమాసీ కూడా ఆ ఆకు తాగుతాడు. దగ్గు, ఏ వస్తువు ఎక్కడ పెట్టాడో మర్చిపోవడం తప్ప అతనికేమీ కాలేదు. అదే చాలామందికి లెక్క: తొమాసీకి కానిది ఎమోసీకి ఎందుకవుతుంది?

ఉనైసి ఊరి ఆరోగ్య కార్యకర్త. మందుల పెట్టె ఆమె ఇంట్లో ఉంటుంది. రెండేళ్ళ కిందట శిక్షణకి వెళ్ళినప్పుడు నర్సు చెప్పింది: అందరికీ కాదు. చిన్నప్పుడే మొదలెట్టి రోజూ తాగేవాళ్ళలో కొందరికి మనసు తప్పుతుంది. ఆ కొందరు ఎవరో ముందు చెప్పలేం. నిద్ర పోతుంది, తిండి మీద అనుమానం వస్తుంది, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. అలాంటివాణ్ణి ఒంటరిగా వదలకండి, వెనక నుంచి వెళ్ళకండి, బెదరగొట్టకండి, పడవెక్కించి తీసుకురండి.

ఈ మాటలు ఉనైసి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చెప్పింది. తమ్ముడికి చెప్పలేదు. చెప్పే వీల్లేదు. అతనికి పన్నెండేళ్ళు వచ్చినప్పటినుంచి ఇద్దరూ ఎదురుబడి మాట్లాడుకోలేదు. అక్కాతమ్ముళ్ళ మర్యాద అది. అతను ఒక గుమ్మంలోంచి వస్తే ఆమె ఇంకో గుమ్మంలోంచి వెళ్తుంది. అతని గురించి ఆమెకి తెలిసేదంతా లుయిసా ద్వారానే. జూన్‌లో, పంపిన కర్రపెండలం ఆకు కట్టు విప్పకుండా తిరిగొచ్చింది, "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అనే ప్రశ్నతో. జులైలో రేడియో తిరిగొచ్చింది, బ్యాటరీలు లేకుండా. పోయిన వారం కబురొచ్చింది: మా అక్క ఇంట్లో ఉన్న పెట్టెని సముద్రంలో పారేయమను, దాంట్లోంచి నా పేరు పిలుస్తున్నారు.

సోమవారం పొద్దున ఉనైసి ఒడ్డుకి వెళ్ళింది. తొమాసీ పడవ బోర్లించి అడుగు గీకుతున్నాడు.

"తొమాసీ, నీతో నిజంగా మాట్లాడాలి."

"నిజంగానా? మనిద్దరి మధ్య అదెప్పుడొచ్చింది వదినా?"

"ఇవాళ కొండెక్కొద్దు."

"ఓహో. వేగులమ్మవి నువ్వేనన్నమాట. గిన్నెలు కడుగుతూ అంతా మూటగట్టుకున్నావు."

"వాడికి ఒంట్లో బాగోలేదు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. మొక్కలు నరికింది నిన్ను ఆట పట్టించడానికి కాదు. అవి తన మాటలు వింటున్నాయని నరికాడు."

తొమాసీ గీకడం ఆపాడు. ఆమె మొహంలోకి చూసి, నవ్వాడు. "మొక్కలు వినడం! అబ్బబ్బ, ఏం కథ అల్లారు అక్కాతమ్ముళ్ళు! మాట్లాడుకోకుండానే ఇంత అల్లితే, మాట్లాడుకుంటే మాకు ఈ ఊళ్ళో చోటుంటుందా?"

"దేవుడి మీద ఒట్టు తొమాసీ."

"దేవుణ్ణి వదిలెయ్, ఆయనకి బోలెడు పనులు. కొత్త సంవత్సరం రోజున మా ఆవిడకి నొప్పులొస్తున్నాయని ఒట్టేసి, తడిబట్టతో నన్ను ఊరంతా ఉరికించిందెవరు? అప్పుడూ ఈ దేవుడేగా?"

ఉరికించింది ఉనైసే. ఊరు ఇంకా ఆ కథ చెప్పుకుంటోంది. వదిన ఏం చెప్పినా మరిది వరసవాడు ముందు నవ్వాలి, తర్వాత నమ్మకూడదు. ఇన్నేళ్ళూ ఆమె కూడా అలాగే నడుచుకుంది.

"వాడు నిన్ను గుర్తుపట్టడు," అంది.

"మసి పూసుకునేదే అందుకు కదే వదినా," అని తొమాసీ మళ్ళీ గీకడం మొదలెట్టాడు.

అక్కణ్ణుంచి ఆమె ఊరిపెద్ద ఇంటికి వెళ్ళింది. అపకూకీ వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఆపలేదు, నవ్వలేదు.

"ఏం చెయ్యమంటావు?"

"పడవ కావాలి పెద్దయ్యా. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాణ్ణి నెమ్మదిగా కిందికి తేవడానికి పెద్దవాళ్ళు ఇద్దరు కావాలి."

"పడవ ఇస్తా. పెట్రోలు పోస్తా. అక్కడ డాక్టరు ఏమడుగుతాడు?"

అపకూకీ వలని ఇంకో వైపుకి తిప్పుకున్నాడు.

"ఏం తాగుతాడు అంటాడు. ఎక్కడ దొరికింది అంటాడు. ఆ తర్వాత నా ఇంటికి ఎవరొస్తారు? నీకూ తెలుసు, నాకూ తెలుసు." వలలో ముడి వేసి పళ్ళతో బిగించాడు. "వాడు పాత సమాధుల పక్కన పడుకుంటున్నాడట. ఏదో సోకి ఉంటుంది. పాస్టరుగారితో చెప్పి శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టిస్తాను."

"శుక్రవారం దాకా ఆగదు. తొమాసీవాళ్ళు ఇవాళే వెళ్తున్నారు."

"బావమరుదుల ఆటలో ఊరిపెద్దకేం పనమ్మా? వేలు పెడితే రేపు నన్ను కడతారు కర్రకి."

ఇక మిగిలింది మేనమామ. ఉనైసి ఇంటికి వెళ్ళి చూరులో ఎండబెట్టిన యాంగోనా వేళ్ళ కట్ట తీసింది. ఉత్త చేతులతో అడిగితే మాట, వేళ్ళు ముందుపెట్టి అడిగితే విన్నపం. ఆడవాళ్ళు తమంతట తాము పెట్టడం మామూలు కాదు. పెట్టించడానికి భర్త ఆస్ట్రేలియాలో కమలాలు కోసే పనిలో ఉన్నాడు. వెళ్ళేసరికి సైలోసీ నిద్రపోతున్నాడు. లుయిసా లేపింది. కట్ట చాప మీద చూసి ఆయన లేచి, చొక్కా తొడుక్కుని, ఒక కాలు చాపుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, మేనకోడలిగా వచ్చాను. ఏదన్నా అడక్కుండానే తీసుకుపోవచ్చు. కానీ ఇది చేత్తో తీసుకునేది కాదు. మీ మాట కావాలి. తొమాసీని ఆపండి."

సైలోసీ కట్టని ముట్టుకున్నాడు. అంటే వింటానని.

ఆమె చెప్పింది. ఆయన ఒక్కటే అడిగాడు. "నరికిన కాండం చెవి దగ్గర పెట్టుకున్నాడా?"

"ఒక్కోదాన్నీ."

లుయిసా గుమ్మంలోంచి అంది: "శుక్రవారం నేను కూడు పట్టుకెళ్తే చెయ్యి చూపించమన్నాడు. అరచెయ్యి చూశాడు, తిప్పమన్నాడు, వెనక కూడా చూశాడు. నువ్వు మా అత్తవేనా అన్నాడు. కాదు, మీ అత్త చెల్లెల్ని, పెళ్ళిచేసుకుంటావా అన్నాను. నేను నవ్వాను. వాడు నవ్వలేదు."

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"ఏదో ఆట పట్టిస్తున్నాడనుకున్నా. నిన్న మీరూ నవ్వారుగా."

సైలోసీ తొమాసీ కోసం మనిషిని పంపాడు. మనిషి తిరిగొచ్చి చెప్పాడు: తొమాసీ ఇంట్లో లేడు, పొయ్యిలో మసి లేదు, భార్య నవ్వుతోంది. నలుగురూ వాగు వెంట వెళ్ళారు. వాగుదారి చుట్టు, కానీ గుడిసె వెనక తేలుతుంది.

సైలోసీ మోకాలు మడత పడక రెండేళ్ళయింది. కొండ ఎక్కలేడు. లేచి లోపలికెళ్ళి, పెట్టె తెరిచి, తిమింగలం పన్ను తెచ్చాడు. రెండు చివర్లకీ తాడు కట్టిన పన్ను. చావుకీ, పెళ్ళికీ, తప్పు ఒప్పుకోవడానికీ తప్ప బయటికి రానిది. ఉనైసి రెండు చేతుల్లో పెట్టాడు.

"గట్టుదారిన పో. ఇది ఎత్తి చూపించు. ఇది చూశాక నవ్వే మగవాడు కందావులో లేడు."

"నేను ఆడదాన్ని మామయ్యా."

"పన్ను నాది."

లుయిసా కూడా బయల్దేరింది. మొదటి ఎక్కుడులోనే వెనకబడింది. "నువ్వు పో, నేనొస్తా," అని కేకేసింది. ఉనైసి ఆగలేదు. గట్టుదారి నిట్టనిలువు, రాత్రి వాన పడి జారుతోంది. ఒక చేత్తో చెట్ల వేళ్ళు పట్టుకుని ఎక్కింది, రెండో చేత్తో పన్ను గుండెకి అదుముకుంది. శంఖం వినిపిస్తుందేమోనని ప్రతి మలుపులో ఆగి వింది. చిలకల అరుపు తప్ప ఏమీ లేదు. సైలోసీ తోట దగ్గర నరికిన మొదళ్ళు కనిపించాయి. అన్నీ ఒకే ఎత్తులో నరికి ఉన్నాయి. ప్రతి మొదలు మీదా ఒక రాయి పెట్టి ఉంది.

గుడిసె ముందు ఎమోసీ కూర్చుని ఉన్నాడు. గుంజకి వీపు ఆనించాడు. చెరుకు కత్తి మోకాళ్ళ మీద ఉంది. ఆమె తమ్ముడి మొహం తిన్నగా చూసి పద్నాలుగేళ్ళయింది. చర్చిలో పక్క నుంచి, దారిలో వెనక నుంచి చూసేది. ఎముకలు తేలాయి. కింది పెదవి చీలి ఉంది.

ఆమె దారిలోనే ఆగి, అటు తిరిగి కూర్చుంది. వీపు అతని వైపు పెట్టింది. మధ్యన మాట అందించడానికి లుయిసా ఇంకా రాలేదు. దారి కిందికి చూసింది. ఎవరూ కనిపించలేదు. అయినా అత్త పక్కనే ఉన్నట్టు మొదలుపెట్టింది.

"అత్తా, కత్తి కింద పెట్టమని వాడితో చెప్పు."

కత్తి నేల తాకిన చప్పుడు రాలేదు.

"అత్తా, బావవాళ్ళు వస్తున్నారని చెప్పు. మొహాలకి మసి పూసుకున్నారు. ఆటకి వస్తున్నారు. భయపడక్కర్లేదని చెప్పు."

గుంజ కిర్రుమంది. అతను లేచాడని తెలిసింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు ఎమోసీ.

అది లుయిసాని అడిగింది కాదు. ఉనైసి కదల్లేదు.

"అక్కడెవరూ లేరు," అన్నాడు. గొంతు దగ్గరికొచ్చింది. "అక్కా. నీకూ వినిపిస్తున్నారా?"

ఉనైసి తిరిగింది. అతను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు. కత్తి చేతిలో ఉంది.

"లేదురా. నాకు వినిపించడం లేదు. నీకు వినిపిస్తున్నారా?"

"పొద్దస్తమానం."

"ఏమంటున్నారు?"

"వస్తున్నాం అంటున్నారు."

గుడిసె వెనక శంఖం మోగింది.

ఉనైసి లేచి, "అది తొమాసీరా! నీ బావ! ఎమోసీ, ఇటు చూడు, నా వైపు చూడు!" అని అరిచింది. అతను చూశాడు. తర్వాత శంఖం వైపు చూశాడు. అరటాకులు కట్టుకున్న నలుగురు వెదురుకర్ర పట్టుకుని కేకలేస్తూ గుడిసె చుట్టూ తిరిగొచ్చారు. ఉనైసి రెండు చేతులా పన్ను పైకెత్తింది. ముగ్గురు చూశారు, ఎక్కడివాళ్ళక్కడ ఆగి మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. తొమాసీ అందరికంటే ముందున్నాడు. వెనకవాళ్ళకి ఏదో చెప్పడానికి తల తిప్పి ఉన్నాడు. పన్నుని చూడలేదు.

ఎమోసీ కత్తితో ఒక్క వేటు వేశాడు. తొమాసీ కుడి ముంజేతి మీద పడింది.

తొమాసీ చెయ్యి చూసుకోలేదు. నవ్వుతున్నాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఇప్పుడు వంతు నాది కదరా," అన్నాడు. ఆ తర్వాత వేళ్ళ చివర్ల నుంచి కారుతున్నది చూసి, కూర్చున్నాడు.

ఎమోసీ కత్తి వదిలేశాడు. ముగ్గురిలో ఒకడు దాన్ని లోయలోకి తన్నాడు. ఉనైసి తన పైబట్ట చింపి గాయానికి చుట్టింది. కర్రకి కట్టడానికి తెచ్చిన తాడుతో మోచేతి పైన బిగించింది. "ఎత్తి పట్టుకో. కిందికి దించకు," అంది.

"వదినా, నువ్వు నిజమే చెప్పావా?" అన్నాడు తొమాసీ. ఆమె ముడి బిగించింది.

"ఎవరిది ఆ రక్తం?" అని ఎమోసీ రెండుసార్లు అడిగాడు. ముగ్గురూ ఉనైసి వైపు చూశారు.

"బావది," అంది. "బతుకుతాడు. నువ్వు మాతో కిందికి రావాలి."

లుయిసా రొప్పుతూ వచ్చింది. ఎమోసీ ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు, వదిలాడు. ఆమె వెనకే దిగాడు. ఎవరూ అతన్ని కట్టలేదు. దారిలో రెండుసార్లు ఆగి పొదల్లోకి చూశాడు. ఆగినప్పుడల్లా అందరూ ఆగారు.

పడవలో అపకూకీ కూడా ఎక్కాడు. ఇంజను మొదలయ్యే ముందు అన్నాడు: "తోటలో పని చేస్తుంటే కత్తి జారింది. అంతే. అందరూ అదే చెప్పాలి. తమ్ముడి సంగతంటావా, పడిశం జ్వరం." తొమాసీ ముక్కు మీద మసి అలాగే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు ముందు తొమాసీ చెయ్యి చూసింది. తర్వాత బల్ల మీద కూర్చున్న ఎమోసీని చూసి, "ఇతని తరపున ఎవరు మాట్లాడతారు?" అంది.

"నేను ఊరిపెద్దని," అన్నాడు అపకూకీ. "జ్వరమండీ. కత్తి జారి..."

"నేను వాడి అక్కని," అంది ఉనైసి. పద్నాలుగో ఏట మొదలెట్టడం నుంచి ఆ మధ్యాహ్నం దాకా చెప్పింది. ఎక్కడ దొరుకుతుందని డాక్టరు అడిగింది. కొండ మీద అంది ఉనైసి. ఎవరిదని డాక్టరు అడగలేదు. అపకూకీ లేచి బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆమెతో మాట్లాడలేదు.

బావ, బామ్మర్ది ఇద్దరూ బుధవారం ఓడలో సువా పెద్దాసుపత్రికి వెళ్ళారు, చెరో వార్డుకి. తొమాసీ పది రోజులకి వచ్చేశాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మడత పడవు. ఎమోసీని ఉంచేశారు.

సెప్టెంబరులో పోలీసులు వచ్చి రెండు వాగులు దాటి వెళ్ళారు. అక్కడ తవ్విన గుంటలు తప్ప మొక్కలు లేవు. ఎవరు తీశారో, ఎక్కడికి తీసుకెళ్ళారో తెలియలేదు. ఎవర్నీ అరెస్టు చెయ్యలేదు. అదే నెల ఊరి సమావేశంలో ఆరోగ్య కార్యకర్తగా మరో ఆమెని ఎన్నుకున్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి ఉనైసి ఇంట్లోంచి మందుల పెట్టె మోసుకెళ్ళారు. సైలోసీ సమావేశానికి వెళ్ళలేదు. నరికిన చోట కొత్త మొక్కలు నాటించాడు.

అక్టోబరు చివరి మంగళవారం మధ్యాహ్నం ఓడలో ఎమోసీ వచ్చాడు. ఒళ్ళు వచ్చింది, నడక నెమ్మదించింది. నోరు ఎండుతోందని సీసాలో నీళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు. రేవు దగ్గర జనం నిలబడ్డారు. తొమాసీ ముందున్నాడు. అందరూ తొమాసీ నోటి వైపు చూస్తున్నారు.

"వచ్చావా," అన్నాడు తొమాసీ.

"వచ్చాను బావా."

తొమాసీ ఎడమచేత్తో సంచీ అందుకున్నాడు. ఇద్దరూ నడిచారు. జనం కొంచెంసేపు ఉండి వెళ్ళిపోయారు.

ఎమోసీ లుయిసా ఇంట్లో దిగాడు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, మానకూడదని చెప్పి పంపారు. కొండెక్కనని, పైది ముట్టనని మేనమామకి మాటిచ్చాడు. మంగళవారం రాత్రి భోజనమయ్యాక మాత్ర వేసుకున్నాడు. లుయిసా చూసింది, ఉనైసికి కబురు పంపింది.

బుధవారం పొద్దున కబురు రాలేదు. ఉనైసి ఉతికిన బట్టలు ఆరేసి, ఎదురుచూసి, తనే వెళ్ళింది. లుయిసా పెరట్లో పొయ్యి దగ్గర ఉంది. ఎమోసీ ఒక్కడే చాప మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఉనైసి ముందు గుమ్మంలో నిలబడింది.

"మాత్ర వేసుకున్నావా?" అని అడిగింది.

"వేసుకున్నా," అన్నాడు ఎమోసీ.

వేసుకోవడం లుయిసా చూడలేదు.